వలిసె పూలు రాలాక తేనెపెట్టె: కొరాపుట్ చలిలో డిసెంబరు నుంచి మార్చి దాకా

ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో సెమిలిగుడ, పొట్టంగి, నందపూర్ చుట్టుపక్కల వలిసె అనే నూనెగింజల చేలు నవంబరు చివరికి పసుపు రంగు వదిలేస్తాయి. ఆ తర్వాత కోతలు, నూర్పిళ్లు. అప్పటిదాకా తేనెపెట్టె గుమ్మం దగ్గర ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగిన తేనెటీగలు ఒక్క వారంలో పలచబడిపోతాయి. ఇక్కడ పెట్టెలు ఎక్కువగా పోయేది ఆ తర్వాతి రెండు నెలల్లోనే. జనవరి చివర మూత తీసి చూస్తే లోపల ఈగ ఉండదు, తేనెపట్టు నిండా మైనం తినే మైనపు పురుగు అల్లిన గూడు ఉంటుంది. "చలికి చచ్చిపోయాయి" అనేస్తాం. నిజానికి ఆ చావులో చలి వాటా తక్కువ. ఆఖరి కోతలో ఎంత తేనె తీశారు, పెట్టెలో తడి ఎంత చేరింది, మూత ఎన్నిసార్లు ఎత్తారు అని వరుసగా అడుగుతూ పోతే అసలు కారణం దొరుకుతుంది.

చెప్పేదంతా మన పుట్ట తేనెటీగ గురించి. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, పాత గోడల్లో వరుసగా ఏడెనిమిది పట్లు పెట్టే ఈగ ఇది. శాస్త్రం దీన్ని ఎపిస్ సెరానా ఇండికా అంటుంది. ఇక్కడ ఎక్కువగా కనిపించే ఎనిమిది ఫ్రేముల (పట్టు కట్టే చెక్క చట్రాల) ఐఎస్ఐ 'ఎ-టైప్' పెట్టెనే లెక్కలోకి తీసుకున్నాను. పిల్లలుండే కింది పెట్టె ఫ్రేము లోపలి కొలత దాదాపు 21 సెంటీమీటర్ల పొడవు, 14.5 సెంటీమీటర్ల ఎత్తు. పైన పెట్టే తేనె పెట్టె ఫ్రేము ఎత్తు అందులో సగం కూడా ఉండదు.

ముందు చలి సంగతి. రాణి గుడ్లు పెడుతున్నంత కాలం పిల్లలున్న భాగాన్ని ఈగలు 34, 35 డిగ్రీల దగ్గర నిలబెడతాయి. రెక్కలు కదపకుండా రొమ్ములోని ఎగిరే కండరాలను మాత్రమే వణికించి ఆ వేడి పుట్టిస్తాయి. ఈ వణుకుకు ఇంధనం తేనె. కొరాపుట్ పీఠభూమి మీద డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. చలి ముదిరితే సెమిలిగుడలో ఐదారు డిగ్రీలు కూడా చూస్తాం. అంటే బయటికీ పిల్లల పట్టుకీ మధ్య పాతిక డిగ్రీలకు పైగా తేడాను గుప్పెడు ఈగలు రాత్రంతా మోయాలి. మధ్యాహ్నానికి మాత్రం ఎండ కాసి ఇరవై దాటుతుంది, ఈగ మళ్లీ బయటికి పోతుంది.

ఈ పగలూ రాత్రీ తేడా మన చలికాలాన్ని చలిదేశాల చలికాలం నుంచి వేరు చేస్తుంది. కెనడాలో, ఉత్తర యూరప్‌లో మెల్లిఫెరా అనే యూరప్ జాతి ఈగలు నెలల తరబడి పెట్టె దాటవు. బయట 14 డిగ్రీల కిందికి దిగితే ముద్దగా చేరడం మొదలుపెడతాయి. రాణి గుడ్లు ఆపేస్తుంది. పిల్లలు లేనప్పుడు ముద్ద నడుమ 20 డిగ్రీలు దాటితే చాలు కాబట్టి ఖర్చు తక్కువ. శరదృతువులో పుట్టిన కూలి ఈగలు ఒంట్లో కొవ్వు నిల్వ చేసుకుని ఐదారు నెలలు బతుకుతాయి. అదే ఈగ వేసవిలో ఆరు వారాలే. అయినా అక్కడ బాగా చలి ఉన్న చోట్ల పెట్టెకు 30, 40 కేజీల తిండి ఉంచి మూత వేస్తారు. మన దగ్గర ఆ లెక్క చెల్లదు. ఇక్కడ రాణి గుడ్లు తగ్గిస్తుందే గానీ మానదు. వలిసె పుప్పొడి మీద పెరిగిన పిల్లల పట్లు డిసెంబరు నాటికి ఇంకా నిండుగా ఉంటాయి. తిండి వచ్చే దారి మూసుకుపోయిన రోజునే తినే నోళ్లు అన్నిటికన్నా ఎక్కువ. ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకుంటే డిసెంబరులో ఏం చేయాలో సగం తెలిసినట్టే.

కాబట్టి చలికాలం పని అక్టోబరులోనే మొదలవుతుంది. వలిసె విరగబూసినప్పుడు పై పెట్టె పెట్టండి, తేనె తీసుకోండి. కానీ రెండు నియమాలు తప్పొద్దు. ఒకటి, కింది పెట్టెలోని పిల్లల పట్ల నుంచి తేనె ఎప్పుడూ తీయొద్దు. పట్టు పైభాగంలో వంపుగా ఉండే ఆ తేనె పట్టీ ఈగల సొంత గాదె. రెండు, నవంబరు మధ్య తర్వాత పై పెట్టె తేనె కూడా తీయొద్దు. ఆఖరి పదిహేను రోజుల తేనె వాటిదే. వలిసె తేనెకు ఇంకో గుణం ఉంది, చాలా తొందరగా గడ్డకడుతుంది. మూడొంతులు మైనం మూత పడగానే తిప్పితేనే యంత్రంలో వస్తుంది. ఆలస్యమైతే పట్టు అరల్లోనే పలుకుగా బిగుసుకుపోతుంది. అలా బిగిసిన తేనెను ఈగలు తినగలవు గానీ కరిగించుకోవడానికి నీళ్లు కావాలి. అందుకే చలి నెలల్లో పెట్టెలకు ఐదారు మీటర్ల దూరంలో, ఎండ తగిలే చోట, గులకరాళ్లు వేసిన పళ్లెంలో నీళ్లు తప్పకుండా ఉండాలి. రాళ్లు నీటికి పైన కనపడాలి, లేకపోతే ఈగలు మునిగిపోతాయి.

ఎంత వదలాలి? రెండు వైపులా నిండి మూత పడిన కింది పెట్టె ఫ్రేములో 700 నుంచి 900 గ్రాముల తేనె ఉంటుంది. ఐదు ఫ్రేముల మీద ఈగలున్న కుటుంబానికి డిసెంబరు మొదటి వారంలో రెండు కేజీలకు తక్కువ కాకుండా ఉండాలి, మూడుంటే నిశ్చింత. అంటే అన్ని పట్ల పై పట్టీలూ కలిపి రెండున్నర, మూడు ఫ్రేముల పాటి. సంతలో ఆ రెండు కేజీలకు వచ్చే డబ్బు ఒక పక్క, మార్చిలో బతికి ఉన్న కుటుంబం ఇచ్చే తేనె, విడదీస్తే వచ్చే కొత్త పెట్టె ఇంకో పక్క పెట్టి చూడండి. ఆఖరి కోత ఆశే ఈ ప్రాంతంలో ఎక్కువ పెట్టెలను ఖాళీ చేస్తోందని నా గట్టి అభిప్రాయం.

పెట్టె తెరవకుండానే తిండి కొలిచే పద్ధతి ఒకటుంది. ఖాళీ పెట్టె, ఖాళీ పట్లున్న ఫ్రేములు కలిపి ఎంత బరువో ముందే తూచి పెట్టె వెనక పెయింటుతో రాసుకోండి. చలికాలంలో వారానికొకసారి స్ప్రింగు కాటా కొక్కెం అడుగు పలక వెనక అంచుకు తగిలించి, పెట్టెను ఒక వేలు మందం పైకి లేపి చూడండి. ముందు అంచు నేల మీదే ఉంటుంది కాబట్టి కాటా చూపేది దాదాపు సగం బరువు. రెండింతలు చేసి, రాసుకున్న బరువు తీసేస్తే మిగిలేది తేనె, పిల్లలు, ఈగలు. అంకె అచ్చు గుద్దినట్టు రాదు, రావాల్సిన పనీ లేదు. గత వారం కన్నా ఎంత దిగిందన్నదే ముఖ్యం. ఒక్క వారంలో 300 గ్రాములు దిగితే తిండి పెట్టే ఏర్పాటు చూసుకోవాలి.

డిసెంబరు మొదట్లో, ఎండ బాగా ఉన్న రోజు పదకొండుకూ రెండుకూ మధ్య, పెట్టెను ఒక్కసారి పూర్తిగా సర్దాలి. ఖాళీ పై పెట్టె తీసేయండి. కింది పెట్టెలో ఈగలు రెండు వైపులా కప్పి ఉన్న ఫ్రేములే ఉంచి, మిగతావి తీసి, పక్కన అడ్డుపలక నిలబెట్టండి. నాలుగు ఫ్రేముల ఈగలకు ఎనిమిది ఫ్రేముల ఇల్లు ఇస్తే ఆ ఖాళీ గాలినంతా అవే కాచుకోవాలి. ఈగ లేని పట్టు చలికి దండగ, మైనపు పురుగుకు పండగ. తీసిన పట్లను గాలి చొరని డబ్బాలో కట్టి దాచుకోండి, వసంతంలో ఒక్కొక్క పట్టూ బంగారం. పిల్లల పట్లు నడుమ, తేనె పట్లు రెండు చివర్ల. ఆ వరుస మార్చొద్దు. పిల్లల గుండ్రాన్ని విడదీసి మధ్యలో ఖాళీ పట్టు పెడితే రాత్రికి ఈగలు రెండు ముద్దలుగా చీలి, రెండు చోట్లా వేడి చాలక పిల్లలు చస్తాయి.

మూడు ఫ్రేములు కూడా కప్పలేని కుటుంబాన్ని విడిగా ఉంచి లాభం లేదు. బలహీనమైనవి రెండుంటే మంచి రాణిని ఉంచుకుని, రెండో రాణిని తీసేసి, సాయంత్రం కలపండి. రెండు పెట్టెల మధ్య ఒక న్యూస్‌పేపరు పరిచి పిన్నుతో నాలుగైదు చిల్లులు పొడిస్తే చాలు. కాగితం కొరికి కలిసేలోగా రెండు వాసనలూ ఒకటవుతాయి. కలపక ముందు రెండింట్లోనూ పిల్లలకు జబ్బు లేదని చూసుకోవాలి.

మెల్లిఫెరా జాతి చెట్ల జిగురు తెచ్చి పెట్టె సందులన్నీ తానే పూడ్చుకుంటుంది. మన పుట్ట ఈగకు ఆ అలవాటు లేదు. పెట్టెకు పగులుంటే చలికాలమంతా పగులే. ఆ పని మనది. ఎర్రమన్నూ ఆవుపేడా సమంగా కలిపి, గోడకు మెత్తినట్టు, బయటి నుంచి అతుకులన్నిటికీ పూయండి. ఆరి చిట్లితే మళ్లీ పూయండి. గుమ్మం వెడల్పు ఐదు సెంటీమీటర్లకు, ఎత్తు ఎనిమిది మిల్లీమీటర్లకు తగ్గించండి. బల్లి, ఎలుక దూరవు, దొంగ ఈగలను ఆపడం కావలి ఈగలకు తేలికవుతుంది. పెట్టె ముఖం తూర్పు ఆగ్నేయానికి ఉంటే పొద్దుటి ఎండ గుమ్మం మీద పడుతుంది. ఉత్తరం వైపు గాలికి రాళ్ల గోడో, కంది కట్టెల తడికో అడ్డం ఉంటే చాలు.

తడి గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే చలి దుప్పటి కప్పబోయి చాలామంది చేసేది తడి దుప్పటి కప్పడమే. ఈగ ఒక కేజీ తేనె ఖర్చు చేస్తే, తేనెలో ముందే ఉన్న నీరూ, చక్కెర ఒంట్లో మండినప్పుడు పుట్టే నీరూ కలిపి దాదాపు 650 గ్రాముల నీరు ఆవిరిగా పెట్టెలోకి వదులుతుంది. వెచ్చగా పైకి లేచిన ఆ గాలి చల్లటి మూతకు తగిలి చుక్కలై, సరిగ్గా కింద ముద్దగా ఉన్న ఈగల మీదే పడుతుంది. తడిసిన ఈగ వేడి నిలుపుకోలేదు. వీడియోల్లో చలిదేశాల వాళ్లు పెట్టెలను చుట్టడం చూసి ఇక్కడ పాలిథీన్ షీటు బిగించి కడితే పెట్టె ఆవిరి కుండ అవుతుంది. పట్ల చివర్లకు బూజు పడుతుంది, పుప్పొడి పాడవుతుంది. చేయాల్సింది ఇది: లోపలి మూతలో జాలీ వేసిన రంధ్రం ఉంటుంది, దాన్ని మూయొద్దు. ఆ మూత మీద రెండు మడతల పొడి గోనెసంచి పరవండి, దానిపైన కాస్త ఖాళీ ఉంచి పై కప్పు పెట్టండి. గోనె వేడిని ఆపుతుంది, తేమను పీల్చుకుని పగలు ఆరుతుంది. వారానికొకసారి చేత్తో ముట్టి చూసి, తడిగా ఉంటే ఎండిన సంచితో మార్చండి. ఇందుకు లోపలి మూత ఎత్తక్కర్లేదు. పెట్టె వెనక కాళ్ల కింద సెంటీమీటరు మందం రాయి పెడితే లోపలి నీరు గుమ్మం గుండా జారిపోతుంది. స్టాండు కాళ్ల కింద చీమల కోసం పెట్టిన నీటి గిన్నెలు చలికాలంలోనూ ఎండనివ్వొద్దు.

పాకం పెట్టే విషయంలో నెల చూసి చిక్కదనం మార్చాలి. నవంబరు లోపు, నిల్వ పెంచడానికైతే రెండు కేజీల పంచదారకు ఒక లీటరు నీళ్లు. నీళ్లు మరిగించి దించాక పంచదార కలపండి, పొయ్యి మీద మాడనివ్వొద్దు. ఇలా రెండుంబావు లీటర్ల పాకం వస్తుంది. వసంతంలో పిల్లల కోసం ఉసిగొల్పడానికైతే కేజీకి లీటరు, అది లీటరున్నరకు కాస్త పైన వస్తుంది. డిసెంబరు, జనవరుల్లో పల్చటి పాకం పోయడం పొరపాటు. అందులోని అదనపు నీటిని ఈగలు ఆవిరి చేయాలి, ఆ ఆవిరే మళ్లీ మూత కింద చుక్క. ఆ రెండు నెలల్లో తిండి తప్పనిసరైతే ముద్ద పెట్టండి. ఇంట్లో మిక్సీలో మెత్తగా పట్టిన పంచదార నాలుగు వంతులు, అదే తోటలో జబ్బు లేని పెట్టె నుంచి తీసిన తేనె గోరువెచ్చగా ఒక వంతు, చపాతీ పిండిలా పిసికి 200 గ్రాముల బిళ్ల చేసి, చిల్లులు పెట్టిన కాగితంలో, ఈగల ముద్దకు సరిగ్గా పైన ఫ్రేముల మీద ఉంచండి. బజారులో దొరికే పొడి పంచదారలో గంజిపొడి కలిసి ఉండొచ్చు, అది వద్దు. బెల్లం అసలే వద్దు, ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి. గుమ్మం ముందు గోధుమరంగు చారలు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది బెల్లాన్నీ, పులిసిన పాకాన్నీ. బజారు తేనె కూడా పెట్టొద్దు, ఎవరి పెట్టె రోగం అందులో ఉందో చెప్పలేం.

పాకాన్ని పొద్దుపోయాకే పెట్టాలి, తెల్లారేసరికి ఖాళీ అవ్వాలి. పగలు పెడితే బలమైన పెట్టె ఈగలు వచ్చి బలహీనమైన పెట్టెను దోచేస్తాయి. కొబ్బరి చిప్పలో పోసి పైన ఎండుగడ్డి పుల్లలు తేలేస్తే సరిపోతుంది. ఒక్క పెట్టెకు పెట్టొద్దు, తోటలో ఉన్నవాటన్నిటికీ ఒకే సాయంత్రం పెట్టండి.

ఆకలి చావును గుర్తుపట్టడం తేలిక. అరల్లోకి తలలు దూర్చి, తోకలు బయటికి కనపడేలా వరుసగా చచ్చి ఉంటాయి. చుట్టుపక్కల ఒక్క అరలోనూ తేనె ఉండదు. అసలు మన ఈగ అక్కడిదాకా రాకముందే, తిండి అడుగంటగానే, పెట్టె వదిలేసి ఎగిరిపోతుంది. పోయేముందు చెప్పే పోతుంది: పుప్పొడి తేవడం మానేస్తుంది, గుడ్లు ఉండవు, మిగిలిన పిల్లలన్నీ బయటికి వచ్చేదాకా ఆగి ఒక మధ్యాహ్నం లేచిపోతుంది. గుమ్మం దగ్గర పావుగంట నిలబడి లెక్కపెట్టండి. మధ్యాహ్నం ఎండలో కాళ్లకు పుప్పొడి ముద్దలతో ఈగలు దిగుతుంటే లోపల పిల్లలున్నాయి, పెట్టె నిలిచినట్టే. మూత ఎత్తాల్సిన పని లేదు. బయట 16 డిగ్రీలు దాటని రోజున పట్టు పైకి తీస్తే నిమిషాల్లో పిల్లలకు చలి తగులుతుంది. తెల్లటి పురుగు బూడిదరంగుకు తిరిగి చస్తుంది, గూట్లో ఉన్నది బతికినా రెక్క సరిగా రాదు.

జనవరి మూడో వారం దాటాక గాలి మారుతుంది. మామిడి పూత, ఆవాల చేలు, నీలగిరి తోటలు ఒకదాని వెనక ఒకటి తిండి తెస్తాయి. మొదటి పూర్తి తనిఖీ ఇప్పుడే. అడుగు పలక మీద చలికాలమంతా రాలిన మైనపు పొట్టు గీకి, దూరంగా తీసుకెళ్లి కాల్చేయండి, మైనపు పురుగు గుడ్లు ఉండేది అందులోనే. నల్లబడ్డ పట్టు ఒకటో రెండో తీసేయండి. రాణిని వెతుక్కుంటూ కూర్చోవద్దు. అరకొక గుడ్డు, అర అడుగున నిలబడి కనిపిస్తే రాణి ఉన్నట్టే. ఒక అరలో నాలుగైదు గుడ్లు గోడలకు అంటి ఉంటే రాణి పోయి కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయి. పుట్ట ఈగలో ఈ మార్పు రాణి పోయిన కొద్ది రోజులకే వచ్చేస్తుంది, అప్పటికి బాగుచేయడం కష్టం.

ఈ తనిఖీలో తప్పక వెతకాల్సింది థాయ్ శాక్‌బ్రూడ్. 1990ల మొదట్లో దక్షిణాదిలో పుట్ట తేనెటీగలను ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టిన వైరస్ జబ్బు ఇదే. అరలో పురుగు తల పైకెత్తి పడవ ఆకారంలో బిగిసి ఉంటుంది. చిమ్టాతో లాగితే నీళ్లు నిండిన సంచిలా చిట్లకుండా ఊడివస్తుంది. దీనికి మందు లేదు. ఆ పెట్టె నుంచి ఏ ఫ్రేమునూ ఇంకో పెట్టెలోకి మార్చొద్దు. జబ్బు పట్లు తీసి కాల్చి, రాణిని పది పన్నెండు రోజులు చిన్న పంజరంలో ఉంచి గుడ్లు ఆపితే, కొత్త పురుగు లేక గొలుసు తెగుతుంది. పనిముట్లు, చేతులు సబ్బునీళ్లతో కడిగాకే తర్వాతి పెట్టె దగ్గరికి పోవాలి. అన్నిటికీ చివర్లో జబ్బు పెట్టె ముట్టుకుంటే ఇంకా మేలు.

జబ్బు లేకపోతే ఫిబ్రవరి మొదటి నుంచి రెండు రోజులకొకసారి సాయంత్రం 200 మిల్లీలీటర్ల పల్చటి పాకం ఇవ్వండి. మకరందం వస్తోందనుకుని రాణి గుడ్లు పెంచుతుంది. కూలి ఈగ గుడ్డు నుంచి బయటికి రావడానికి 19, 20 రోజులు, ఆపైన మేతకు పోయే వయసు రావడానికి మరో రెండు మూడు వారాలు. మార్చి చివర, ఏప్రిల్‌లో తొలివానలకు కాఫీ తోటలు తెల్లగా పూసేటప్పటికి మేత ఈగలు సిద్ధంగా ఉండాలంటే ఫిబ్రవరి మధ్యకల్లా గుడ్లు పడాలి. కాఫీ పూత నిలిచేది కొద్ది రోజులే. ఆలస్యంగా లేచిన పెట్టె ఆ తేనెను తిని పెరుగుతుందే గానీ నిల్వ చేయదు. మొదలుపెట్టిన పాకాన్ని మధ్యలో వారం ఆపేస్తే పెరిగిన పిల్లలు ఆకలికి పోతాయి, అది మొదలుపెట్టకపోవడం కన్నా చెడ్డ.

ఈగలు చివరి ఫ్రేమును కప్పిన తర్వాతే ఇంకో పట్టు ఇవ్వండి, వారానికి ఒకటి మించకుండా, పిల్లల గుండ్రానికి పక్కనే. ఎనిమిది నిండేసరికి గుంపు విడిపోయే కాలం వచ్చేస్తుంది. ముందు పోతు ఈగల అరలు కనిపిస్తాయి, ఉబ్బెత్తుగా, మూత నడుమ సూదిమొన పాటి చిల్లుతో. తర్వాత పట్ల కింది అంచున వేలాడే రాణి అరలు. మొదటి రాణి అరకు మూత పడిన ఒకటి రెండు రోజుల్లో, ఎండ ఉంటే, పాత రాణి సగం ఈగలతో ఎగిరిపోతుంది. గుడ్డు నుంచి మూత పడటానికి వారం పైచిలుకు పడుతుంది కనుక ఫిబ్రవరి మధ్య నుంచి ఆరు రోజులకొకసారి పట్ల కింది అంచులు చూస్తే చాలు.

రాణి అరలు మొదలయ్యాక వాటిని తుంచుతూ పోవడం ఎక్కువ రోజులు సాగదు. విడదీయడమే మంచిది. కొత్త పెట్టెలోకి పాత రాణి ఉన్న ఫ్రేము, మూత పడిన పిల్లల ఫ్రేము, తేనె పుప్పొడి ఉన్న ఫ్రేము, అంటుకుని ఉన్న ఈగలతో సహా మార్చండి. పాత పెట్టెలో పెద్దవి, గరుకుగా ఉన్న రెండు రాణి అరలు ఉంచి మిగతావి కోసేయండి. పాత చోటు నుంచి రెండు పెట్టెలనూ చెరో వైపు సగం పెట్టె వెడల్పు జరిపి పక్కపక్కనే పెడితే మేత ఈగలు రెండింటికీ పంచుకుంటాయి. ఒక దానికే ఎక్కువ పోతుంటే దాన్ని ఇంకాస్త దూరం జరపండి. కొత్త రాణి వారంలో బయటికి వస్తుంది, మరో వారంలో ఎగిరి పోతు ఈగలతో కలిసి వస్తుంది, ఆపైన కొద్ది రోజులకు గుడ్లు. ఈ మూడు వారాలూ ఆ పెట్టె మూత ముట్టుకోవద్దు. కలయికకు ఎగిరే మధ్యాహ్నాల్లో పెట్టె చోటు కదిపినా, ఎదురుగా నిలబడినా రాణి తిరిగి వేరే పెట్టెలో దిగి చచ్చిపోవచ్చు. పాతిక రోజులకూ గుడ్లు లేకపోతే రాణి దక్కనట్టే. అప్పుడు న్యూస్‌పేపరు పరిచి పాత రాణి పెట్టెతో మళ్లీ కలిపేయండి.

మార్చి మూడో వారానికి నేరేడు, కానుగ, గుగ్గిలం పూతలు అందుకుంటాయి, ఎండ కూడా ముదురుతుంది. గోనెసంచి తీసేసి, గుమ్మం పూర్తిగా తెరిచి, పెట్టెకు మధ్యాహ్నపు నీడ చూసి, పై పెట్టె ఎక్కించండి.